కంకణం లేని చెయ్యి

అమ్మ! సంద్రము దాటిన యాత్మజులకు
మట్టి వాసన మరువని మనసు లిచ్చి
చెఱకు తోటల చెరలోన చేయి పట్టి
నడుపు మారెమ్మ! నిజమును నాల్క నిలుపు.

ఆ తల్లి పేరున పసుపు పూసుకొని నిలిచిన స్త్రీల నడుమ నుంచే, తెల్లవారుతుండగా పోలీసులు ఒక మనిషిని ఈడ్చుకుపోయారు. "కౌశల్య దొరికిపోయింది" అన్న మాట సువా పట్టణపు బజారు దాటి రంగస్వామి చెవిన పడేసరికి ఆయన సూర్యునికి అర్ఘ్యం విడుస్తున్నాడు. దోసిట మిగిలిన నీటిని జారవిడువకుండా మంత్రాన్ని చివరికంటా పూర్తి చేసి, ఆ తరువాతనే అంగవస్త్రం భుజాన వేసుకొని బయలుదేరాడు. తొందరలో చేసిన పని సగం అపచారమని ఆయన నమ్మకం. పూజలోనే కాదు, పరిశోధనలో కూడా.

రంగస్వామి ఒక బారిస్టరు దగ్గర గుమాస్తా. గిరిమిట్ ఒప్పందం కింద అయిదేళ్ళు చెరకు నరికి, అది తీరాక ఇంగ్లీషు నేర్చుకొని, ఇప్పుడు కూలివాళ్ళ కేసులకు సాక్ష్యాలు వెదికి తెచ్చే పనిలో ఉన్నాడు. దొరలకు ఆయన క్లర్కు. కూలివాళ్ళు కాపురముండే లైన్లలో మాత్రం 'జాడ తీసే అయ్యవారు'.

ఆ వారం పట్టణమంతటా ఒకే కేసు. రేవులో మూటలు మోసే శివ ప్రసాద్ అనే యువకుణ్ణి ఏదో తగవులో స్టేషనుకు తీసుకువెళ్ళి, మరునాడు శవాన్ని అప్పగించారు. జ్వరంతో పోయాడని పోలీసుల మాట. కాని ఆ రాత్రి పక్క లాకప్పు కొట్టులో కౌశల్య అనే కూలి స్త్రీ ఉంది. పక్క ద్వీపంలో లబాసా దగ్గరి వాయిలేవు తోట నుంచి పారిపోయి వచ్చి పట్టుబడిన మనిషి. సార్జెంటు రామ్ లాల్ లాఠీ విరిగేదాకా కొట్టడం ఆమె కటకటాల సందు నుంచి చూసింది. తిరిగి లబాసాకు పంపడానికి ఆమెను రేవుకు నడిపిస్తుండగా, కూరలమ్మే ఆడవాళ్ళూ, బట్టలుతికే ఆడవాళ్ళూ, శివ ప్రసాద్ కోసం ఏడుస్తున్నవాళ్ళూ ఒక్కటై జవానులను కమ్ముకున్నారు. గుంపు విడిపోయేసరికి కౌశల్య లేదు.

ఆ గుంపే మరునాటికి సభ అయింది. విచారణ కావాలని కోర్టు మెట్ల ముందు బైఠాయించింది. చివరికి మేజిస్ట్రేటు దిగివచ్చి రేపు ఉదయం విచారణ జరుపుతానన్నాడు. కోర్టు గడప దాటి సాక్ష్యం చెప్పిన మనిషిని మళ్ళీ పోలీసుల చేతికి ఇవ్వనని మాట కూడా ఇచ్చాడు.

కౌశల్య రేపు ఉదయం దాకా దాగి ఉండి ఉంటే సరిపోయేది. ఈ మధ్యాహ్నపు ఓడలో ఆమెను లబాసాకు పంపేస్తే మాత్రం విచారణ లేదు, శివ ప్రసాద్‌కు న్యాయం లేదు, ఆ తోటలో ఆమె ప్రాణానికి పూచీ లేదు.

*

నిప్పులు తొక్కడానికి దీక్ష పట్టినవారు ఉత్సవం దాకా వాగు పక్కన వెదురు కంచె లోపలే ఉంటారు. పోలీసులు ఆ కంచె దాటరని ఎన్నో ఏళ్ళ వాడుక. ఆ ధైర్యంతోనే కౌశల్యను పసుపు చీర కట్టించి దీక్షాస్త్రీల మధ్య దాచారు.

పూజారి సామి పందిరి గుంజకు ఆనుకొని కూలబడి ఉన్నాడు.

"ఏం జెప్పమంటావు రంగస్వామీ. పోయినేడు దొర కూడా బూట్లు ఇప్పి బయటే నిలబడి దండం పెట్టి పోయినాడు. ఈ పొద్దు బూట్లతోనే వచ్చిరి."

"ఎంతమంది?"

"ముగ్గురు. ఒక పంజాబీ జవాను, ఇద్దరు కాయివీతి జవాన్లు. పాపం, ఈ ద్వీపం పిల్లలు ఇద్దరూ తల వంచుకోనే ఉండారు. పంజాబీవాడే ముందుకొచ్చె."

"ఏ దారిన వచ్చారు?"

"వాగు దిక్కు నుంచి. ఆడోళ్ళు స్నానం చేసే తావుకే నేరుగా వచ్చిరి."

"ముఖాలు చూశారా?"

"ముఖాలేం కనబడతాయి? అందరికీ పసుపే, అందరికీ ముసుగే. చేతులు చూసినారు."

రంగస్వామి కనుబొమ్మలు ముడిపడ్డాయి. "చేతులా?"

సామి గుంజను వదిలి నిటారుగా కూర్చున్నాడు. "తప్పు నాది. ఆ యమ్మిని దాయమన్నారు, దాచినా. పసుపు చీర ఇయ్యమన్నారు, ఇచ్చినా. కంకణం మాత్రం కట్టనంటిని. మొక్కు మొక్కని చేతికి అమ్మవారి దారం ఎట్ల కట్టేది? ఆ యమ్మికి మైల వచ్చింది, అందుకని కట్టలేదని మిగతా ఆడోళ్ళకు చెప్పినాము. ఆ చెయ్యి ఒక్కటే బోడిగా ఉండె."

పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టి, ఆడవారికి ఎడమ మణికట్టున, మగవారికి కుడి మణికట్టున ముడి వేస్తే, ఉత్సవం ముగిసేదాకా అది విప్పరాదు. ఆ కంకణం లేని చేతిని వెదుక్కుంటూ వచ్చారంటే, కంకణం లేదన్న సంగతీ, ఆ చెయ్యి కౌశల్యదన్న సంగతీ రెండూ కలిపి ఎవరో చెప్పారన్నమాట. మొదటిది చాలామందికి తెలుసు. రెండవది తెలిసినవారు నలుగురే: సామి, వంట చూసుకునే అమ్మణి, దీక్షలో ఉన్న లచ్మన్, రంగస్వామి.

"దీక్షలో ఉన్నవాడు బయటికి పోవలసి వస్తే ఏం చేస్తాడు?"

"కంకణం ఇప్పి అమ్మవారి శూలానికి కట్టి పోవాల. వచ్చినాక స్నానం చేసి మళ్ళా నాతోనే కట్టించుకోవాల. నా దగ్గరికి ఎవురూ రాలేదు."

"శూలానికి నూనె ఎప్పుడు పూశావు?"

"నిన్న మజ్జానం."

*

అమ్మణి వంటపాక వెనుక రోటిలో పసుపు దంచుతున్నది. నలభై దాటిన మనిషి. అప్పటికి పదేళ్ళ వయసున్న కూతురు ప్రభ చెయ్యి పట్టుకొని విశాఖ వైపు నుంచి ఓడ ఎక్కి, ఒంటరిగానే గిరిమిట్ పూర్తి చేసింది. ఎదిగిన ప్రభ ఇప్పుడు దీక్షాస్త్రీలలో ఒకతె. కౌశల్యను రేవు దారిలో జవానుల మధ్య నుంచి లాగిన మొదటి చెయ్యి ఆమెదే.

"అమ్మణక్కా, వాళ్ళు వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంతాను బాబూ. నీళ్ళకాడే. ఆడోళ్ళ తానాలకాడ నన్ను కాక నిన్ను కాపలా పెడతారేటి?"

"ఏం జరిగింది?"

"ఆ పంజాబీవోడు 'హాత్ దిఖావ్' అన్నాడు. సేతులు సూపించమని. ఒక్కో సెయ్యీ ఎత్తి సూసుకుంతూ పోనాడు. దారం నేని సెయ్యి దొరికింది. లాక్కుపోనాడు."

"కౌశల్య ఏమీ అనలేదా? అరవలేదా?"

రోకలి ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య కాస్త ఆలస్యమైంది. "ఏటంటాది. తలెత్తనేదు."

"ఆమెను బిడ్డలా చూసుకున్నావు. నీ కంట తడి లేదేమక్కా?"

"ఏడుపుకు కూడా నీకు జవాబు సెప్పాలేటి? నువ్వేడిసినావా?"

"ప్రభ ఎక్కడ?"

"నీళ్ళకెల్లింది." అమ్మణి రోకలి పక్కన పెట్టి, ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుంది. "నాకొక మాట సెప్పు బాబూ. తెలిసినోళ్ళం నలుగురం. సామినడిగినావు, నన్నడిగినావు, లచ్మన్ను అడుగుతావు. మరి నిన్నెవులడుగుతారు?"

ఎన్నో స్టేషన్లలో ఎన్నో దుర్భాషలు విన్న మనిషికి ఆ మాట చెంపదెబ్బ కంటె గట్టిగా తగిలింది. అయినా ఆమె అడిగినదానిలో దోషం ఆయనకు కనబడలేదు. "నువ్వే అడుగు" అన్నాడు.

"నానడగను. నువ్వు సెప్తే నమ్మాల, నమ్మకూడదా తెల్దు. పని సూసుకో."

*

శూలం గర్భగుడి పక్కన మట్టి దిబ్బలో నాటి ఉంది. రంగస్వామి దానిని ముట్టుకోలేదు. చేతులు వెనుకకు కట్టుకొని, వంగి, మూడు మొనలనూ పరిశీలించాడు. నల్లని నూనె పొర మీద, ఎడమ మొన మెడ దగ్గర, దారం చుట్టిన పసుపు చార ఒకటి స్పష్టంగా ఉంది. నూనె కిందనైతే పాతదనవచ్చు. ఇది నూనె మీద పడింది. ఆ చారలో సన్నని నూలు పోగొకటి అంటుకొని ఉంది.

నిన్న మధ్యాహ్నం తరువాత ఒకరు కంకణం విప్పి అమ్మవారికి అప్పగించి వెళ్ళారు. తిరిగి వచ్చి పూజారికి తెలియకుండా తీసుకున్నారు. ద్రోహం చేయడానికి వెళ్ళేవాడు కంకణంతో వెళ్ళలేకపోయాడు! రంగస్వామి నిటారుగా నిలబడ్డాడు. ఆ మనిషి ఎవరో ఇంకా తెలియదు గాని, ఎటువంటివాడో తెలిసింది. భక్తి గలవాడు.

ఉదయపు పూజ ముగిసింది. "సామీ, ఈ పూట తీర్థం నేనిస్తాను" అన్నాడు రంగస్వామి.

దీక్షాపురుషులు వరుసగా వచ్చి కుడి చెయ్యి చాపారు. పూటకొక స్నానంతో తడిసి ఆరి, తడిసి ఆరి, దారాలు బిగిసిపోయి మణికట్టును కరచుకొని ఉన్నాయి. ముడి లోపలివైపు, నాడి మీద. పూజారి ఎప్పుడూ అక్కడే వేస్తాడు. దారం కింద చర్మానికి పసుపు రంగు ఎక్కింది. ఒక్కొక్క అరచేతిలో నీరు పోస్తుంటే రంగస్వామి పెదవులు మంత్రం పలుకుతున్నాయి. కళ్ళు మాత్రం మణికట్లు దాటి పోలేదు.

చివర వచ్చినవాడు చెయ్యి చాచగానే కంకణం జారి ముంజేతి మధ్యకు పోయింది. మణికట్టు మీద పసుపు వలయం ఒకచోట మిగిలింది, దారం మరొకచోట ఆగింది. ముడి పైవైపున, ఉబ్బెత్తుగా, అంచులు నలిగి ఉంది. ఎడమ చేత్తో పట్టి, పళ్ళతో లాగి వేసుకున్న ముడి అది.

రంగస్వామి ఆ అరచేతిలో కూడా తీర్థం పోశాడు. తల ఎత్తకముందే ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. మద్రాసు నుంచి వచ్చిన ఓడ అడుగు అరలో జ్వరంతో ఒళ్ళు తెలియక పడి ఉన్నప్పుడు, తన వంతు నీళ్ళు తాగకుండా ఆయన నోట పోసిన చెయ్యి. ఒకే ఓడ దిగినవారిని ఇక్కడ జహాజీ భాయి అంటారు. తోడబుట్టినవాడి కంటె ఒక మెట్టు పైన. లచ్మన్ ఆయనకు పదేళ్ళుగా ఆ మెట్టు మీద ఉన్నాడు.

*

అగ్నిగుండానికి పేర్చిన కట్టెల వెనుక ఇద్దరూ నిలబడ్డారు.

"నిన్న సాయంత్రం ఎక్కడికి వెళ్ళావన్నా?"

"నేనెక్కడికి వెళ్తాను రంగా? ఇక్కడే కట్టెలు పేరుస్తూ ఉన్నాను."

"కంకణం జారుతోంది."

"ఉపవాసాలు కదా. చిక్కిపోయాను."

"వరుసలో అందరూ ఉపవాసమే. ఎవరిదీ జారలేదు. శూలం మీద నూనె పొరకు నీ దారపు రంగు అంటింది. ఒంటిచేత్తో ముడి వేసుకోవడం కష్టమైన పని. పళ్ళు నొప్పి పెట్టలేదూ?"

లచ్మన్ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక కట్టె ముక్క తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఆ దారంతో స్టేషను గడప తొక్కలేకపోయాను."

"అమ్మవారి దగ్గర సెలవు తీసుకొని వెళ్ళావు. నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఆపేవాడివి."

"ఆపేవాణ్ణి."

"అందుకే." లచ్మన్ కింద కూర్చుండిపోయాడు. "రాజ్‌కుమారి వునిమోలి తోటలో ఉంది రంగా. గిరిమిట్ ఇంకా రెండేళ్ళు. నేను బయటపడ్డాను, పెళ్ళాం లోపలుంది. అక్కడ కూలీల మీద పెత్తనం చేసే కులంబరు దొర ఎలాంటివాడో నీకు నేను చెప్పాలా? రామ్ లాల్ కబురు పెట్టాడు. ఆ ఆడమనిషి జాడ చెబితే నా పెళ్ళాన్ని సువాకు మార్పించి తెస్తానన్నాడు. మొదటిసారి పొమ్మన్నాను. రెండోసారి పొమ్మన్నాను. మూడోసారి... నిన్న ఆ కబురు తెచ్చినవాడు రాజ్‌కుమారి చెవి కమ్మ నా చేతిలో పెట్టాడు. తెంపుకొచ్చారో, అది ఇచ్చిందో తెలియదు."

"కౌశల్య కూడా అటువంటి కులంబరు చేతుల్లోంచే పారిపోయి వచ్చింది."

"తెలుసు."

"తెలిసే చెప్పావు."

"తెలిసే చెప్పాను. కొట్టు రంగా. కొట్టరాదూ, నా మనసు కాస్త..."

"కొట్టడానికి నేను పోలీసును కాను."

కట్టెల ఇవతల అలికిడి అయింది. పూజారి సామి ఎప్పటినుంచి వింటున్నాడో, పసుపు నీళ్ళ చెంబుతో బొమ్మలా నిలబడి ఉన్నాడు. రంగస్వామి అతని వైపు తిరిగి, "ఇతన్ని నీ కళ్ళ ముందు ఉంచుకో. సాయంత్రం సభ ముందు ఇదే మాట ఇతని నోటితోనే చెప్పించాలి" అన్నాడు. వెనుదిరిగి చూడకుండా కంచె దాటాడు. చూస్తే క్షమిస్తానేమోనని ఆయన భయం.

*

స్టేషను వసారాలో ఒక కాయివీతి జవాను చెక్క గిన్నెలో వేరు పొడి వేసి యంగోనా పానీయం కలుపుకుంటున్నాడు. సార్జెంటు రామ్ లాల్ బల్ల మీద కాళ్ళు చాపి తమలపాకు నములుతున్నాడు. ద్వీపపు హిందీలోనే మాటలు సాగాయి.

"ఆవో మద్రాజీ బాబూ. నిప్పుల మీద నడిచేవాళ్ళకు నా కుర్చీ వేడిగా ఉండదులే. కూర్చో."

"నిలబడే మాట్లాడతాను. ఈ ఉదయం తెచ్చిన స్త్రీని చూడాలి."

"పారిపోయిన కూలిని పట్టుకున్నాం. మూడు గంటల ఓడలో పంపిస్తాం. చూడడానికి ఆమె పెళ్ళికూతురా?"

"ఆమె రేపటి విచారణలో సాక్షి."

"సాక్షి కోర్టులో ఉంటుంది. నా కొట్టులో ఉన్నది నంబరు." రామ్ లాల్ కిటికీలోంచి ఎర్రగా ఉమ్మేశాడు. "నీ బారిస్టరును ఉత్తర్వు తెమ్మను. తెచ్చేసరికి ఓడ పొగ కూడా కనబడదు."

"రాజ్‌కుమారిని కూడా అదే ఓడ తెస్తుందా?"

సార్జెంటు కాళ్ళు కిందికి దిగాయి. ఒక్క క్షణం ఆశ్చర్యం; ఆ తరువాత పెద్ద నవ్వు. "అప్పుడే కక్కేశాడా? కూలీని ఒక తోట నుంచి మరో తోటకు మార్చేది ఇమ్మిగ్రేషన్ ఆఫీసు దొర. నేను సార్జెంటును. ఆ మాత్రం తెలియనివాడు భూమి మీద ఎలా బతుకుతున్నాడు?"

"చెవి కమ్మ?"

"బజారులో కొన్నాను. కమ్మలన్నీ ఒక్కలాగే ఉంటాయి."

రంగస్వామికి లచ్మన్ మీద మరిగిన కోపం చోటు మారలేదు గాని, దాని పక్కన జాలి వచ్చి కూర్చుంది. అది ఆయనకు ఇంకా బరువైంది.

లోపలి గది తలుపు తెరుచుకొని ఇన్‌స్పెక్టరు దొర బయటికి వచ్చాడు. రంగస్వామి వెంటనే ఇంగ్లీషులోకి మారాడు. రామ్ లాల్‌కు కూడా అర్థమయ్యేటట్టు, ఒక్కొక్క మాట విడదీసి పలికాడు.

"అయ్యా, శివ ప్రసాద్ విషయంలో మావాళ్ళు ఒక పొరపాటు చేశారు. అతడు ఈ గడప దాటినప్పుడు ఒంటి మీద దెబ్బ లేదని ఎవరి చేతా ఒప్పించుకోలేదు. ఈసారి ఆ పొరపాటు జరగదు. లోపల ఉన్న స్త్రీ ఒంటి మీద పాత గాయం ఒకటే ఉంది: కుడి మోచేతి కింద జానెడు పొడవున చెరకు కత్తి తెగిన మచ్చ. అది తప్ప ఇంకొక్క గీత కనబడినా అది ఈ స్టేషనులో పడినదే. ఇప్పుడే, నేను ఇక్కడ ఉండగానే, ఆ సంగతి చూసి ఒప్పుకోండి."

దొరకు రేపటి మేజిస్ట్రేటు గుర్తుకు వచ్చినట్టుంది. విసుగ్గా చెయ్యి ఊపి, "చూసి రా, సార్జెంట్" అన్నాడు. "నువ్వు బయట ఉండు."

రామ్ లాల్ పళ్ళు కొరుకుతూ తాళాల గుత్తి తీసుకొని లోపలికి నడిచాడు. ఆ ఉదయం మొదటిసారి రంగస్వామికి ఊపిరి ఆడింది. కనీసం ఓడ ఎక్కేదాకా ఆమె ఒంటిని ముట్టరు. ఈలోగా బారిస్టరును కదిలించి, మేజిస్ట్రేటు ఇంటికి పంపి...

మెట్లు దిగుతుండగా వీధి మలుపులో అమ్మణి కనబడింది. పసుపు చేతులతో, చెప్పులు లేకుండా, ఒగర్చుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగింది.

"సామి సెప్పినాడు. లచ్మన్ ఒప్పుకున్నాడంట. నువ్వు కాదన్నమాట బాబూ."

"నేను కాదక్కా."

"ఏటనుకోకు. నిన్న రాత్రి హారతికి సెయ్యెత్తినప్పుడే వోడి దారం జారడం సూసినాను. వోడొక్కడో, వోడెనకాల నువ్వున్నావో, సామున్నాడో, నాకెలా తెలుస్తాది? మగోళ్ళెవులికీ సెప్పనేదు." ఆమె గొంతు తగ్గించింది. "తెల్లారకముందే ఒక దారం ఇప్పి కౌశల్య సేతికి కట్టేసినాను. అమ్మోరు కోపగిస్తే నన్నే కోపగించనీ. కౌశల్య పాకలోనే ఉంది. పసుపు మూటల ఎనకాల."

రంగస్వామి స్టేషను వైపు తిరిగాడు. "మరి లోపల ఉన్నది?"

"నా కూతురు. దారం దానిదే. ముకం ఎత్తకు, మాటాడకు, ఓడెక్కమంటే ఎక్కెయ్యి అని సెప్పినాను. దానికి గిరిమిట్టే నేదు. ఆ తోటోళ్ళు సూసి మాది కాదని తిప్పి పంపుతారు. ఈలోగా రేపు కౌశల్య కోర్టులో సెప్పేస్తాది."

"రామ్ లాల్ కౌశల్యను ఒక రాత్రంతా కొట్టులో ఉంచాడు. ముఖం గుర్తుపట్టడా?"

"కూలి ఆడదాని ముకం సూసిన పోలీసోణ్ణి నానెప్పుడూ సూడనేదు. నంబరు సూత్తారు, లేకపోతే..." ఆమె ఆగింది. "ఏటలా సూత్తావు? లోపల నువ్వేటి సెప్పినావు?"

చెప్పాడు. కుడి మోచేయి, చెరకు కత్తి, జానెడు మచ్చ.

అమ్మణి అరవలేదు. మెల్లగా మెట్టు మీద చెయ్యి ఆన్చి కూర్చుని, "మా పెబ సేతి మీద మచ్చ నేదు బాబూ" అంది.

అప్పుడే లోపల తాళం తీసిన చప్పుడు వినబడింది. ఆ తరువాత రామ్ లాల్ కేక. వసారాలో జవాను గిన్నె వదిలి లేచాడు. వెనుక నుంచి మరో నలుగురు టోపీలు సర్దుకుంటూ వచ్చి వరుస కట్టారు.

"నేను దీక్షాస్థలానికి పరుగెత్తుతాను" అన్నాడు రంగస్వామి.

"నువ్వు పరిగెడితే నీ ఎనకాలే వత్తారు. ఆడది బుట్ట నెత్తినెట్టుకు పోతే ఎవులూ సూడరు." ఆమె లేచింది. "నువ్విక్కడుండు. లోపలికెల్లు. తలుపు మూయనియ్యకు. కొడితే సూడు. నిన్ను కొట్టినా సూడు. నా బిడ్డను సూసిన కళ్ళు ఒక జత ఉండాల."

"కౌశల్యను ఎక్కడికి తీసుకువెళ్తావక్కా?"

అమ్మణి ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో ద్వేషం లేదు. అదే ఆయనకు భరించరానిదైంది.

"అది నీకు సెప్పను."

కూరలమ్మే స్త్రీల మధ్య కలిసి ఆమె వెళ్ళిపోయింది. జవానులు ఆమె పక్క నుంచే వాగు వైపు పరుగెత్తారు. ఒక్కడూ తల తిప్పలేదు. రంగస్వామి మెట్లు ఎక్కాడు. కొట్టు నడవ చివర బరువైన చెక్క తలుపు మూసుకుంటోంది. సందులోంచి పసుపు చీర అంచు, నేల మీద లాగిన పాదం కనబడ్డాయి. ఆయన పరుగెత్తి, తలుపుకూ ద్వారబంధానికీ మధ్య తన ముంజేతిని పెట్టాడు.

అవతల నుంచి రామ్ లాల్ భుజం మోపి నెట్టాడు. ఎముక పలికింది. రంగస్వామి చెయ్యి తీయలేదు. ఆ సందులోకి ముఖం ఆన్చి, స్టేషనంతా వినబడేటట్టు అన్నాడు:

"అమ్మా ప్రభా, నేను చూస్తున్నాను."

ఈ ప్రకరణం చదివినవారి గడపలో అన్యాయపు అడుగు పడకుండును గాక. విన్నవారికి ఆపదలో తలుపు మూయనివ్వని చెయ్యి ఒకటి తోడగును గాక. తెలిసి మోసపోయినవారిని, తెలియక మోసగించినవారిని ఆ తల్లి ఒకే చల్లని చూపున కాచి, సముద్రానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న తన బిడ్డలందరికీ మేలు చేయును గాక.